ఎడమ పక్క ప్యానెల్

ఒక ఆదివారం పొద్దున వీణ కచేరీ పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడూ రెండు స్పీకర్ల నడుమ, సరిగ్గా నాకెదురుగా వినిపించే ఆ వీణ ఆ రోజు కుడివైపుకి జరిగిపోయింది. నేనే వంకరగా కూర్చున్నానేమో అనుకుని కుర్చీ సర్దుకున్నాను. లాభం లేకపోయింది. లేచి ఎడమ స్పీకర్ దగ్గరికి పోయి చెవి ఆనించాను. శబ్దం వస్తూనే ఉంది, కానీ ఎవరో దుప్పటి ముసుగులోంచి మాట్లాడుతున్నట్టు వస్తోంది.

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే నా ఉద్యోగం. కాఫీ కూడా తాగకుండా వైర్లు అటువి ఇటు మార్చాను. కరెంటు అందించే అడాప్టర్లు మార్చాను. చివరికి స్పీకర్లనే ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ జరిపి చూశాను. ఆ ఎడమదాన్ని ఎటు జరిపితే తప్పు అటు వచ్చింది. అంటే వైరుది కాదు, యాంప్లిఫయరుది కాదు, ఆ స్పీకర్ లోపలి ప్యానెల్‌దే. ఆఫీసులో తప్పు దొరికితే నాకు సంతోషంగా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది.

అవి మామూలు స్పీకర్లు కావు. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లంటారు. అందరిళ్ళలో ఉండే స్పీకర్లలోని గుండ్రటి కాగితపు గరాటు వీటిలో ఉండదు. నిలువెత్తు చట్రం, ఆ చట్రంలో చిల్లులున్న రేకులు రెండు, ఆ రేకుల మధ్య ఉల్లిపొర కన్నా పలచటి ప్లాస్టిక్ పొర. చట్రంలోంచి ఊడదీయగలిగే ఆ రేకులూ పొరా కలిపి ఒక ప్యానెల్. ఆ పొరకి ఎప్పుడూ కరెంటు ఎక్కించి ఉంచాలి. పాట మొదలైతే రేకులు పొరని ముందుకీ వెనక్కీ లాగుతాయి. ఆ కదలికే మనకి పాటగా వినిపిస్తుంది. పాడేవాళ్ళు చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తుంది. అది వాటి గొప్ప. ఇక వాటి పేచీలు చాలా ఉన్నాయి. ఒక్కచోట కూర్చుంటేనే సరిగ్గా వినిపిస్తాయి, అటు జానెడు జరిగితే పాట చెదిరిపోతుంది. తేమ పడదు. దుమ్ముని అయస్కాంతంలా లాక్కుంటాయి. మా ఇంట్లో పనిచేసే ఆమెకి అవి తలుపులు. ఊడ్చేటప్పుడు, "అమ్మా, జర మీ తలుపులు పక్కకు జరుపుండ్రి" అంటుంది.

దుమ్ముకి మా ఇంట్లో కొదవ లేదు. మేమున్నది నానక్‌రామ్‌గూడ దాటాక ఒక అపార్ట్‌మెంట్‌లో, పై అంతస్తుల్లో. కొన్నప్పుడు బాల్కనీలోంచి బండరాళ్ళూ, వాటి మధ్య మేసే గేదెలూ కనిపించేవి. ఇప్పుడు ఎదురుగా ఒక టవరు లేస్తోంది. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. రాళ్ళు కోసే మిషను ఆగిన కాసేపే మాకు పాట వినే సమయం. ఆ ఇంట్లో ఆ స్పీకర్లని అన్నేళ్ళు బతికించడమే ఎక్కువ అని తరవాత ఆ స్పీకర్ల కంపెనీ డీలరు అన్నాడు. ఆ మాట ఓదార్పుకి అన్నాడో, నా మీద నెట్టడానికి అన్నాడో తెలియలేదు.

తప్పు పట్టుకున్న వెంటనే అక్కకి ఫోన్ చేశాను. చెయ్యక తప్పదు. ఆ స్పీకర్లు మా ఇద్దరివి.

పెళ్ళిళ్ళు కాకముందు అక్కా నేనూ మాదాపూర్‌లో ఒక చిన్న ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. మాది జగిత్యాల పక్క. అక్క చిన్నప్పుడు కొన్నాళ్ళు పాట నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు గానీ, ఆమె పక్కన కూర్చుని వినీ వినీ నాకూ ఆ పిచ్చి అంటింది. అక్క ఆఫీసులో వేరే దేశం నుంచి వచ్చిన ఒకాయన, కాంట్రాక్టు అయిపోయి ఇంటి సామాను అమ్ముకుని పోతూ బోర్డు మీద కాగితం అంటించాడు. కుర్చీలు కొందామని పోయాం. ఆయన మాకు ఒక్క పాట వినిపించాడు. కుర్చీల సంగతి మరిచిపోయి ఆ స్పీకర్లు తెచ్చుకున్నాం. ట్రాలీ ఆటోలో పరుపు వేసి, వాటిని పడుకోబెట్టి, చెరో పక్క కూర్చుని పట్టుకుని వచ్చాం. కుర్చీలు లేవు కాబట్టి చాప మీద కూర్చుని విన్నాం. ఒక్కచోటే బాగా వినిపిస్తుంది కాబట్టి పక్కపక్కన కాకుండా, స్కూటర్ మీద కూర్చున్నట్టు ఒకరి వెనక ఒకరం కూర్చునేవాళ్ళం. ముందు ఎవరన్నది వంతు.

తరవాత అక్కకి పెళ్ళయి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వెళ్ళింది. అక్కడ అత్తమామలు, ఆ తరవాత పిల్లలు, హాల్లో ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఒక క్రికెట్ బంతి. పొర స్పీకర్లకి అది ఇల్లు కాదు. అందుకని అవి నా దగ్గర ఉండిపోయాయి. నాకు పెళ్ళయినప్పుడు నాతోపాటు ఇక్కడికి వచ్చాయి. మా ఆయనది గుంటూరు. ఆయన వాటిని చూసి, "ఇవి కట్నమా, కాపలానా?" అని అడిగాడు. ఆయన సంగీతం వినడు. రోజంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు కాల్స్ వింటాడు.

ఫోన్లో అక్కకి ఎడమది పోయిందని చెప్పాను.

"పోవుడేంది? పలుకుతలేదా?"

"పలుకుతది గని సగమే పలుకుతున్నది."

"అయితే పోలేదు. దానికి పానం బాగలేదు, గంతే. నేనొస్త. నువ్వేం ముట్టకు" అంది అక్క.

నేను ముట్టకుండా ఊరుకోలేదు. సోమవారమే బెంగళూరులో ఉన్న డీలరుకి ఫోన్ చేశాను. ఆయన ఫోటోలు పంపమన్నాడు. పంపాను. వీడియో పంపమన్నాడు. వీడియోలో పొర బలహీనంగా పలకడం ఎలా కనిపిస్తుందో నాకు అర్థం కాలేదు, అయినా తీసి పంపాను. ఆ తరవాత కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. నేనే మళ్ళీ మళ్ళీ చేస్తే చివరికి ఎత్తాడు. మర్యాదగా మాట్లాడే మనిషే. ఈ పొరలకి ఒక ఆయుష్షు ఉంటుందనీ, పొర మీద పూసిన పూత కాలంతోపాటు అరిగిపోతుందనీ, అంటించిన జిగురు వదులైపోతుందనీ వివరంగా చెప్పాడు.

"కడిగితే కొన్నాళ్ళు నడుస్తుంది మేడమ్, కానీ ఎన్నాళ్ళో చెప్పలేం. మార్చుకోవడమే మంచిది. మారిస్తే మాత్రం రెండూ కలిపే మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెడితే మీకే నచ్చదు."

ధర చెప్పాడు. మేము ఆ జతని కొన్నదానికన్నా ఎక్కువ. పైగా సరుకు వేరే దేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో మాట ఇవ్వలేనన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మోడల్ ఆగిపోయి చాలా కాలమైంది, దానికి ప్యానెల్స్ ఎన్నాళ్ళు తయారు చేస్తారో తెలియదు, కావాలంటే ఇప్పుడే తీసుకోండి అని. అమ్మేవాళ్ళు అందరూ అనే మాటే. అయినా అది విన్నాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

నా మనసు కొత్తవాటి వైపే ఉంది. వచ్చీ పోయీ చేసే తప్పంటే నాకు చచ్చేంత చిరాకు. ఉద్యోగంలో కూడా అంతే. పూర్తిగా పాడైన దాన్ని బాగుచెయ్యొచ్చు. ఒకరోజు బాగుండి ఒకరోజు బాగుండనిదానితో వేగలేం. అక్క మనసు బాగుచెయ్యడం వైపు. ఆమె ఇంట్లో చేతిపిడి ఊడిన కుక్కరు కూడా పడెయ్యదు. బావగారి పాత షర్టుల గుండీలు ఒక డబ్బా నిండా ఉంటాయి.

తరవాతి శనివారం అక్క మెట్రో దిగి ఆటోలో వచ్చింది. ఇలాంటి స్పీకర్లున్నవాళ్ళు ప్యానెల్స్‌ని ఊడదీసి షవరు కింద పెట్టి కడుగుతారని వీడియోల్లో చూసిందట. కరెంటుతో నడిచే వస్తువుకి స్నానం చేయించడమేమిటని నేను వాదించాను. ఆమె అప్పటికే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంది. అందులో నిలిచిన కరెంటు దిగిపోవడానికి ముందురోజే ప్లగ్గు పీకి ఉంచమని నాకు ఫోన్లో చెప్పింది. నేను పీకి ఉంచాను కూడా. అంటే నేను ఒప్పుకున్నట్టే కదా అంది.

బాత్రూమ్‌లో ప్యానెల్‌ని గోడకి ఆనించి గోరువెచ్చటి నీళ్ళు వదిలాం. కిందికి కారిన నీళ్ళు ఇద్దరం వంగి చూశాం. సిమెంటు కడిగిన నీళ్ళలా ఉన్నాయి. ఎదురు టవరు సగం మా స్పీకర్‌లోనే ఉంది. రెండోదాన్ని కూడా కడిగాం. ఆరబెట్టడానికి బాల్కనీ పనికిరాదు, దుమ్ము. హాల్లో పని చేసే ఆమె తడిగుడ్డ పెడుతుంది. మిగిలింది పడకగదిలో ఫ్యాను కింద. అక్కడ మా ఆయన వీడియో కాల్స్‌లో ఉంటాడు. ఆ వారమంతా ఆయన వెనక గోడకి రెండు చిల్లుల రేకులు నిలబడి ఉన్నాయి.

"అవేంటని అందరూ అడుగుతున్నారు. కొత్త డిజైన్ కిటికీలని చెప్పేశాను. మీ అక్కాచెల్లెళ్ళు త్వరగా తేల్చుకోండి" అన్నాడు.

ఆరాక బిగించాం. ఎడమది పలికింది. కొత్తదానిలా కాదు గానీ, వీణ తిరిగి నడుమకి వచ్చింది. అక్క ముఖం వెలిగిపోయింది. నేను కూడా సంతోషించాను. కొత్తవి కొందామన్న మాట ఎత్తలేదు.

వాన పడేదాకానే ఆ సంతోషం. ముసురు పట్టిన రోజు ఎడమ ప్యానెల్ పోపు వేసినట్టు చిటపటలాడింది. పాటలో ఎక్కడ నిశ్శబ్దం ఉంటే అక్కడ ఒక ఆవగింజ పేలేది. రెండు రోజులకి చిటపటలు ఆగాయి, వాటితోపాటు శబ్దమూ పడిపోయింది. అంతకుముందుకన్నా పలచబడింది. మళ్ళీ డీలరుకి ఫోన్ చేస్తే, కడిగారా అని నిట్టూర్చాడు.

అక్క మాత్రం తగ్గలేదు. ఇక పొరే మార్చేద్దామంది. ప్లాస్టిక్ పొర చుట్ట, రెండు పక్కలా అంటుకునే టేపు, పొర మీద పూసే ద్రావకం ఆర్డరు పెట్టింది. అవన్నీ నా అడ్రసుకే పెట్టింది. సెక్యూరిటీ గేటు దగ్గర నుంచి నాకు మీటింగుల మధ్యలో ఫోన్లు వచ్చేవి. మా డైనింగ్ టేబుల్ మీద ప్లైవుడ్ పరిచి పని మొదలుపెట్టాం. ఆ తరవాత మేము ఆ టేబుల్ మీద భోంచేసింది తక్కువ. కింద కూర్చుని తినేవాళ్ళం.

పొరని డోలు మీద తోలులా నలువైపులా సమంగా లాగి బిగించాలి. చెప్పడం తేలిక. మొదటిసారి ఒక మూల ముడత పడింది. వెచ్చబెడితే సాగుతుందని హెయిర్ డ్రయ్యర్ పెడితే ముడత పోయి చిల్లు పడింది. రెండోసారి బాగా వచ్చిందని అక్క వంగి చూస్తుంటే ఆమె చేతి గాజు తగిలి నిలువునా చీరుకుపోయింది. మూడోసారి పూత సమంగా పడలేదు. బిగించి పాట పెడితే పైసగం పలికింది, కిందిసగం పలకలేదు. ప్రతిసారీ విప్పడం, పాత జిగురు గోళ్ళతో గీకడం, స్పిరిటుతో తుడవడం. నా వేళ్ళకి ఆ వాసన ఆఫీసులో కూడా ఉండేది.

అప్పుడు ఆఫీసులో మాకు కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు నడుస్తోంది. వారమంతా ఇతరులు చేసిన తప్పులు ఏరుకుని, శని ఆదివారాలు మా తప్పులు ఏరుకునేదాన్ని. అక్క వచ్చేటప్పటికి వంట చేసి ఉంచాలి, వెళ్ళేటప్పుడు ఆటో దొరికేదాకా కింద నిలబడాలి. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆమె ఫోన్ చేసి, తాను వచ్చేదాకా పొర ముట్టొద్దని మళ్ళీ చెప్పేది. అది నాలుగోసారి టేపు అంటిస్తున్న రోజు. నేను పట్టుకున్న వైపు జారింది. అక్క విసుక్కుని, గట్టిగా పట్టుకొమ్మని చెప్తే పట్టుకోవేం అంది. నేను పొర వదిలేశాను.

"ఇగ చాలక్కా. కొత్తవి తెప్పిద్దాం. నాకున్న రెండు రోజులు గూడ నీ పొరకే పోతున్నయ్."

"నా పొరనా? ఇది నాదొక్కదాందేనా?"

"నీకు బాగుచేసుడు మీదనే ఉన్నది మనసు. పాట ఇని ఎన్ని దినాలైంది మనం? నాకు నా ఆదివారం గావాలె."

అక్క కత్తెర, టేపు చుట్ట, బ్రష్షు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంది. సంచి జిప్పు లాగుతూ నా వైపు చూడకుండా మాట్లాడింది.

"మా ఇంట్ల నేను ఏడ కూసున్నా ఎవరో ఒకరు పిలుస్తరే. అన్నం కాడ పిలుస్తరు, స్నానం కాడ పిలుస్తరు. నీ ఇంట్ల పిలిచేటోళ్ళు లేరు. గందుకే వస్తున్న. కొత్తవి పెట్టినంక బాగుచేసేది ఏముంటది? ఏం జెప్పి వస్త నేను ప్రతి శనివారం?"

ఆ మాట విన్నాక నా కోపం తగ్గాలి. తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఊరికే వస్తానంటే నేను వద్దంటానా? ఒక చెల్లెలి ఇంటికి రావడానికి చెడిపోయిన స్పీకర్ ఉండాలా? అది ముందే నోరు తెరిచి చెప్పి ఉంటే ఇన్ని శనివారాలు ఈ జిగురు గీకేదాన్నా? ఇవన్నీ మనసులోనే అనుకున్నాను. పైకి మాత్రం, "ఊరికెనే రా అక్కా" అన్నాను. అది కూడా విసుగ్గానే వచ్చింది నా నోటి నుంచి. అక్క ఎడమ ప్యానెల్‌ని పాత దుప్పటిలో చుట్టి, నేను వద్దంటున్నా వినకుండా, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయింది. ఎడమ చట్రం హాల్లో ఖాళీగా నిలబడింది. రెండు రోజులకి మా ఆయన దానికి తన తడి టవలు ఆరేశాడు.

నేను కొత్త ప్యానెల్స్‌కి ఆర్డరు పెట్టాను. ఆ సంగతి అక్కకి మెసేజ్ చేస్తే బొటనవేలు బొమ్మ ఒకటి పంపింది. అందులో కోపం ఉందో ఒప్పుకోలు ఉందో అర్థం కాలేదు. బావగారు ఒకసారి ఫోన్ చేసి, అక్క బానే ఉందనీ, మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల షెడ్డులో ఏదో చేసుకుంటోందనీ, నన్ను ఫికర్ చెయ్యొద్దనీ చెప్పారు. ఆ ఏదో ఏమిటని నేను అడగలేదు.

కొత్త సరుకు కోసం ఎదురుచూడటం ఇంకో శిక్ష. బయల్దేరిందన్నారు, కస్టమ్స్‌లో ఆగిందన్నారు. ఏమని ఆగిందంటే, అదేం వస్తువో వాళ్ళకి తెలియడం లేదట, వివరం రాసి పంపమన్నారు. నేను రాసి పంపాను. పాట పలికే పొర అని తెలుగులో ఒక్క ముక్కలో చెప్పగలిగినదానికి ఇంగ్లీషులో పేజీ పట్టింది. చివరికి డబ్బా వచ్చింది. తీరా విప్పితే ఒకటి బాగుంది. రెండోదాని మూల వంగి, రేకు పొరని నొక్కేసి ఉంది. డబ్బా ఎక్కడో మూల మీద పడింది.

డీలరుకి ఫోన్ చేశాను. ఆయన చాలా బాధపడ్డాడు. డబ్బాకి ఆరు వైపులా ఫోటోలు తీసి పంపితే ఇన్సూరెన్స్ వాళ్ళకి పంపుతానన్నాడు. నేను డబ్బా కోసం వెతికితే కనిపించలేదు. ఇల్లంతా అట్టముక్కలు ఎందుకని మా ఆయన దాన్ని పొద్దునే చెత్తబండికి ఇచ్చేశాడు. నేను బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా రాళ్ళు కోసే మిషను మొదలైంది. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

సరే, ఉన్న ఒక్క కొత్తదాన్నయినా చూద్దామని దాన్ని ఖాళీగా ఉన్న ఎడమ చట్రంలో నేనే బిగించాను. కుడివైపు పాతది, బాగున్నదని మేము ఇన్నాళ్ళూ అనుకున్నది, అలాగే ఉంది. పాట పెట్టాను. కొత్తది పాటని అరటిపండు ఒలిచినట్టు ఒలిచి పెడుతోంది. దాని పక్కన కుడిది వినిపించనే లేదు. అంటే అది కూడా ఎప్పుడో సగం అయిపోయింది. రెండూ కలిసి కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తే నా చెవి దానికి అలవాటు పడిపోయింది. ఎడమది కాస్త తొందరపడింది కాబట్టి తెలిసింది. తప్పులు పట్టడం నా ఉద్యోగమని ఎంత ధీమాగా ఉండేదాన్నో. ఏళ్ళ తరబడి సగం పాట విని, అదే మొత్తం అనుకున్నాను. డీలరు చెప్పినట్టు ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ నాకు నచ్చలేదు. ఆయన మాట నిజమైనందుకు కూడా చిరాకేసింది.

అక్కకి ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, నేను చెప్పలేదా అని కూడా అనలేదు. అంతా విని, "నా దగ్గర ఒకటున్నది. తెస్త" అంది.

శనివారం బావగారి బండి మీద వెనక కూర్చుని, అదే దుప్పటిలో చుట్టిన ప్యానెల్‌ని ఇద్దరి మధ్య నిలబెట్టుకుని వచ్చింది. బావగారు దాన్ని పైకి చేర్చి, పిల్లలకి క్లాసు ఉందని వెళ్ళిపోయారు. దుప్పటి విప్పి చూస్తే పొర నిలిచిన నీళ్ళలా తేటగా, ఒక్క ముడత లేకుండా ఉంది. ఎట్ల చేసినవని అడిగాను. చాలాసార్లు చెడగొట్టిందట. ఎన్నిసార్లో చెప్పలేదు. గాజులు తీసి పక్కన పెట్టిందనీ, ఎండ కాసిన రోజే పని పెట్టుకుందనీ, బావగారు ఒక పక్క పట్టుకున్నారనీ మాత్రం చెప్పింది. షెడ్డులో ఉన్నంతసేపు ఎవరూ పిలవలేదా అని అడిగాను. పిలిచారట. ఆమె పలకలేదట. చేతులకి జిగురు ఉంది కదా, రావడం కుదరదని వాళ్ళకే అర్థమైందట. ఆ మాట చెప్తున్నప్పుడు అక్క ముఖంలో కొంటెతనం చూశాను. అది మాదాపూర్ ఇంట్లో ఉన్నప్పుడు నేను ఎప్పుడో చూసిన కొంటెతనం.

కొత్తదాన్ని కుడికి మార్చి, అక్క తెచ్చినదాన్ని ఎడమకి బిగించాం. కరెంటు ఎక్కేదాకా కాసేపు ఆగాలి. ఆలోగా అన్నం తిన్నాం, డైనింగ్ టేబుల్ మీదే. తరవాత ఒక పాత గాత్ర కచేరీ పెట్టాను. ఎడమది పలికింది. కొత్తదంత పదునుగా లేదు. తంబుర మీటులో చివరి మెరుపు లేదు. కానీ గొంతు నిండుగా వస్తోంది. అక్కని ముందు కూర్చోమన్నాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. యాంప్లిఫయర్ దగ్గర నేను, రెండు వైపుల శబ్దాన్ని సరితూచే బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పుతున్నాను. ఒకచోట ఆమె చెయ్యెత్తింది.

"ఆడ ఆపు. నడుమకొచ్చింది."

నేను వెళ్ళి ఆమె వెనక కూర్చుని విన్నాను. "ఇంకా జర కుడికే ఉన్నదక్కా" అన్నాను.

"నీ చెవే కుడికున్నది" అంది అక్క. కచేరీ అయ్యేదాకా లేవలేదు. ఎవరూ పిలవలేదు. మా ఆయన ఒకసారి గదిలోంచి బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, మంచినీళ్ళు తాగి లోపలికి పోయాడు.

ఇంతటితో అయిపోయిందనుకుంటే, పోయిన నెలలో ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నారు. డబ్బా లేకుండా ఎలా ఒప్పుకున్నారో డీలరుకే తెలియాలి. వంగినదాని బదులు ఇంకో కొత్త ప్యానెల్ పంపించారు. ఈసారి బాగానే వచ్చింది. అది ఇంకా డబ్బాలోనే, మా మంచం కింద ఉంది. మంచం కింద సూట్‌కేసులకి చోటు లేదని మా ఆయన గోల. దాన్ని ఎడమకి బిగిస్తే రెండూ కొత్తవవుతాయి, రెండూ సమంగా పలుకుతాయి, నాకు ఆ కుడి వైపు లాగుడు తప్పుతుంది. టెస్టరుగా నేను చెయ్యవలసింది అదే. అక్కని అడిగితే, ఇప్పుడున్నది చచ్చినప్పుడు చూద్దాం అంటుంది. అది ఎప్పుడు చస్తుందో ఎవరూ చెప్పలేరు.

అక్క ఇప్పుడు శనివారాలు వస్తోంది. ఊరికే వస్తున్నానని మాత్రం ఒప్పుకోదు. సంచిలో ఒక స్క్రూడ్రైవర్ వేసుకుని వస్తుంది. ఆమె వెళ్ళాక నేను నాబ్‌ని వెంట్రుకవాసి ఎడమకి తిప్పుకుంటాను. మళ్ళీ శనివారం ఆమె వచ్చి, చెప్పులు విప్పి, ముందు నాబ్‌ని తిరిగి తను ఆపమన్న చోటికి పెట్టి, అప్పుడు మంచినీళ్ళు అడుగుతుంది.